అక్క ఎక్కని మెట్లు

"ఒకసారి కిందికి దిగి, మళ్లీ ఈ రెండో అంతస్తు దాకా మెట్లెక్కి రండమ్మా. మీ మామూలు నడకే. ఆగాలనిపిస్తే ఆగండి."

డాక్టరు గారు అలా అనగానే అక్క నా వైపు చూస్తుంది. లిఫ్టు ఉండగా ఇదేం పరీక్ష అని ఆమె చూపు. విశాఖపట్నంలో ఓ గుండె ఆసుపత్రి, ఓపీ గది, పదకొండు కావస్తోంది. తెల్లవారకముందే బొబ్బిలిలో రైలెక్కాం. ఎకో, అంటే గుండె స్కాన్, అయిపోయింది. కాగితం బల్ల మీదే ఉంది గానీ ఆయన దాని గురించి ఇంకా ఏమీ చెప్పలేదు. ముందు మెట్లన్నారు.

లిఫ్టులో దిగి ఎక్కడం మొదలుపెడతాం. మొదటి మలుపు దాకా అక్క బాగానే ఎక్కుతుంది. అక్కడ ఆగి కుచ్చిళ్లు సర్దుకుంటుంది. ఇంకో ఆరు మెట్లెక్కి గోడ మీది బోర్డు చదువుతున్నట్టు నిలబడుతుంది. వెనకున్న నాకు ఆమె మెడ పక్కన నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. మొదటి అంతస్తులో ఈసారి సాకేమీ వెతకదు, కటకటాలు పట్టుకుని ఆగిపోతుంది. "ఆయాసం కాదురా, చీర కాళ్లకి అడ్డొస్తంది," అంటుంది. ఆ ఐదు మాటలూ ఒక్క ఊపిరిలో అనలేకపోతుంది.

మళ్లీ గదిలోకి వచ్చాక ఆయన "ఆయాసముందా?" అని అడగనే లేదు. అడిగితే అక్క దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కొన్నేళ్లుగా అందరికీ చెబుతున్నదే: నాకేటి, బాగానే ఉన్నాను. ఆయన అడిగినవి వేరు.

"మీ టైలరింగ్ షాపు ఎక్కడమ్మా?"

"ఇంటి అరుగు మీదే అండి."

"మొదట్నించీ అక్కడేనా?"

"లేదండి, మేడ మీద ఉండేది. రెండేళ్లయింది కిందికి దించి."

"నీళ్లెవరు తెస్తారు?"

"మా పాప."

"రాత్రి ఎన్ని దిళ్లు వేసుకుంటారు?"

"రెండు. అలవాటండి."

"సంక్రాంతికి ముగ్గు వేశారా?"

అక్క ఒక్క క్షణం ఆగింది. మా వీధిలో కనుమ నాటి తెల్లవారుజామున ఈ చివర నుంచి ఆ చివర దాకా చుక్కలు పెట్టి రథం లాగే మనిషి ఆమె. పోయిన సంక్రాంతికి గుమ్మం ముందు చిన్న పద్మం వేసి ఊరుకుంది. వంగితే తల తిరుగుతోందని మాకెవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఈ జబ్బులో, మానేసిన పనుల గురించి ఇలా అడగడం కంటే ముఖ్యమైన పరీక్ష నాకు తెలిసి లేదు. గుండె వాల్వు, అంటే కవాటం, చెడటం ఏళ్ల తరబడి సాగే పని. మనిషి ఆ వేగానికి తగ్గట్టే బతుకును కత్తిరించుకుంటూ వస్తుంది. మేడ మానేస్తుంది, బిందె మానేస్తుంది, పెళ్లిళ్లకి వెళ్లడం మానేస్తుంది. చివరికి మిగిలిన కొద్దిపాటి పనుల్లో ఆయాసం రాదు. అప్పుడు "ఆయాసం లేదు" అంటే అబద్ధం కాదు. ఎక్కని మెట్ల దగ్గర ఆయాసం ఎలా వస్తుంది? ఇంటి ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. వాళ్లు మానేసిన పనిని కూతురో కోడలో అందుకుంటుంది, ఇల్లు ఎప్పట్లా నడుస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు.

ఇప్పుడు ఆయన ఎకో కాగితం తిప్పి మా ముందు పెడతారు. ఈఎఫ్ 58 శాతం. గుండె కింది ఎడమ గది ఒకసారి పిండినప్పుడు లోపలి రక్తంలో ఎంత భాగం బయటికి నెడుతుందో చెప్పే లెక్క అది. పక్కనే మామూలు హద్దు 55 పైన అని అచ్చేసి ఉంది. మాతో వచ్చిన బావ ముఖం తేటపడుతుంది. "అయితే గుండె బాగానే ఉన్నట్టే కదండీ?"

ఆయన చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీస్తారు. కింద ఓ గది, దానికి రెండు దారులు. ఒకటి బృహద్ధమనిలోకి, ఒళ్లంతటికీ రక్తం పోయే దారి. అక్కడ బీపీకి ఎదురు తోయాలి. రెండోది పై గదికి అడ్డుగా ఉన్న మైట్రల్ వాల్వు. గుండె పిండేటప్పుడు అది గట్టిగా మూసుకోవాలి. అక్కకి మూసుకోవడం లేదు. పిండిన రక్తంలో సగం పైగదిలోకి వెనక్కి పోతోంది. అటు ఒత్తిడి తక్కువ, తోయడం తేలిక. తేలిక పని చేస్తున్న కండరం బలంగా ఉన్నట్టే కనిపిస్తుంది. "ఈ లీకు ఉన్నవాళ్లకి 58 మంచి అంకె కాదు. 60కి దిగిందంటేనే కండరం అలసిపోతోందని మా లెక్క," అంటారు. కింద ఇంకో అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుడతారు. పిండడం పూర్తయ్యాక గది అడ్డకొలత 41 మిల్లీమీటర్లు. దీనికి హద్దు 40. ఆరు నెలల కిందటి కాగితంలో 38.

"ఇవాళే రేపే అనను. ఈ వేసవి దాటనివ్వొద్దు."

"మందులతో లాగలేమా?" బావ గొంతు తగ్గింది.

"మందులు ఒంట్లో నీరు తీస్తాయి, ఆయాసం తగ్గిస్తాయి. వాల్వుని మూయలేవు. ఇంకా ఆగి చేయిస్తే కొత్త వాల్వే వేస్తాం, గుండె మాత్రం పాడైన గుండే ఉంటుంది."

అక్క జబ్బు మొదలు బడి రోజుల్లో ఉంది. గొంతునొప్పి, వెనకే జ్వరం, ఇవాళ మోకాలు వాచి రేపు మోచెయ్యి వాచే కీళ్ల నొప్పులు. రుమాటిక్ జ్వరం అది. గొంతులోని స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి మీదికి లేచిన ఒంటి సైన్యం పొరబడి గుండె కవాటాల మీద కూడా పడుతుంది. జ్వరం మళ్లీ రాకుండా 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది వేసేవారు. నాన్న సైకిల్ మీద తీసుకెళ్లేవాడు. పెళ్లయ్యాక ఆ సూది ఆగిపోయింది. కొత్త కోడలికి మూడు వారాలకోసారి సూదేమిటని ఎవరైనా అడుగుతారేమోనన్న బెరుకు. ఇలా పెళ్లి దగ్గర ఆగిపోయిన సూదుల కథలు ఈ ఓపీ బయట బెంచీల మీద ఎన్నో వినిపిస్తాయి.

ఆ రాత్రి బొబ్బిలిలో అరుగు మీద అందరం కూర్చున్నాం. కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. బావ పాప ఇంటర్ పరీక్షల సంగతి ఎత్తాడు. అక్క వాళ్ల అత్తగారు కత్తి పడితే ఏమవుతుందోనని కళ్లు తుడుచుకుంటోంది. పక్క వీధి ఆయనకి ఇరవై ఏళ్ల కిందట వాల్వు మార్చారు, ఇప్పటికీ పొలం వెళ్తున్నాడని ఒకరు. ఇంకెవరో బల్ల మీదే పోయారని ఇంకొకరు. ఊరికి వచ్చేముందే ఇంకో డాక్టరుకీ చూపించాం. ఆయన ఒప్పుకున్నాడు గానీ, మూడు నెలలకి మళ్లీ ఎకో తీసి అప్పుడు చూద్దామన్నా తప్పులేదన్నాడు. ఇద్దరు మంచి డాక్టర్లు మూడు నెలల తేడాతో మాట్లాడితే ఇంట్లో వాళ్లకి ఆ తేడా కొండంత అవుతుంది.

నేనొకటి అడిగాను. ఆగితే మనకేం కలిసొస్తుంది? కొందరికి నిజంగానే కలిసొస్తుంది. లీకు తక్కువగా ఉండి, అంకెలు ఏళ్లుగా కదలకుండా ఉన్నవాళ్లు ఆగడమే మంచిది. కృత్రిమ కవాటం కూడా ఓ జబ్బు లాంటిదే, దాని బరువు దానికుంది. పుట్టుకతో వచ్చిన కవాటాన్ని ఒక్క రోజైనా ముందుగా పారేసుకోకూడదు. కానీ అక్క అంకెలు కదులుతున్నాయి, అదీ ఒకే దిక్కుకి.

అక్క అంతసేపూ మాట్లాడలేదు. చివరికి పాప వైపు తిరిగి, "పరీక్షలు ఎప్పుడైపోతాయే?" అంది. మార్చి మూడో వారం. "ఆ పై వారం చేయించేసుకుంటాను. శ్రావణానికి మిషనెక్కాల." అంతే. తారీఖు పెట్టింది డాక్టర్లూ కాదు, బావా కాదు, నేనూ కాదు.

తారీఖు కంటే కష్టమైన ప్రశ్న సర్జను గారి గదిలో ఎదురైంది. వీలైతే ఉన్న వాల్వునే బాగు చేస్తానన్నారు. కానీ రుమాటిక్ జ్వరం వల్ల వాల్వు రేకులు మందమైపోతే ఆ మరమ్మతు ఎక్కువ కాలం నిలవదు. లోపల చూశాకే తేలుతుంది. మార్చాల్సొస్తే ఏది వేయమంటారు? ముందే చెప్పాలి.

బల్ల సొరుగులోంచి ఓ వాల్వు తీసి అక్క అరచేతిలో పెట్టారు. నల్లటి కార్బన్ రేకులు రెండు, చుట్టూ తెల్లటి గుడ్డ అంచు. ఇలాంటి రెండు రేకుల వాల్వులు 1977 నుంచి వాడకంలో ఉన్నాయి. ఇంకోటి మనదే, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ బృందం చేసిన చిత్ర వాల్వు. దానికి ఒకే బిళ్ల, అదీ గట్టి ప్లాస్టిక్‌ది. ముందు నమూనాలు విఫలమయ్యాక నాలుగోది నిలిచి, 1990 డిసెంబరులో మొదటి రోగికి అమర్చారు. విదేశీ వాల్వు ధర విని వెనక్కి వెళ్లిపోయే ఎన్నో కుటుంబాలకి అది ప్రాణం పోసింది. మూడోది జంతు కణజాలంతో చేసినది, పశువు గుండె పొరతోనో పంది కవాటంతోనో. దానికి జీవితాంతం రక్తం పలచబరిచే మాత్ర అక్కర్లేదు. కానీ పది పదిహేనేళ్లకి అరిగిపోతుంది, వయసు తక్కువైతే ఇంకా తొందరగా. అప్పుడు మళ్లీ ఛాతీ తెరవాలి. లోహానిదో కార్బన్‌దో అయితే అరగదు. కానీ రోజూ మాత్ర, తరచూ రక్తపరీక్ష, చచ్చేదాకా.

అక్క గుడ్డ అంచుని బొటనవేలితో తడిమి చూస్తోంది. ఎలా కుట్టారో చూస్తోందని నాకు తెలుసు.

"బొబ్బిలిలో ఆ రక్తపరీక్ష చేస్తారా?" ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. చేస్తారు. "కత్తెర తగిలి తెగితే?" పదినిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోవాలి. "గోంగూర?" సర్జను గారు నవ్వారు. తినొచ్చు, కాకపోతే వారానికి ఎంత తింటారో ఎప్పుడూ అంతే తినాలి. అక్క కార్బన్‌దే ఎంచుకుంది. మళ్లీ ఛాతీ కోయించుకోలేనంది.

బయట బెంచీ మీద ఇరవై దాటీ దాటని పిల్ల కూర్చుంది. మెడలో పసుపుతాడు ఇంకా కొత్తది. ఆమెకీ మైట్రలే, కానీ లీకు కాదు, సన్నబడటం. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన దారి 1కి చేరింది. రేకులు మెత్తగానే ఉన్నాయి కాబట్టి తొడ నరం గుండా బెలూన్ పంపి తెరుస్తారట. 1980లలో జపాన్ సర్జను ఇనోవే చూపిన పద్ధతి అది. ఛాతీ కోయరు. ఆమె అత్తగారు సంతోషంగా అందరికీ చెబుతోంది. నిజంగా సంతోషించాల్సిందే. పిల్లలు కావాల్సిన వయసులో మెకానికల్ వాల్వు వేస్తే, ఆ మాత్ర గర్భం తొలి నెలల్లో బిడ్డకి హాని చేయగలదు, మానేస్తే వాల్వు మీద రక్తం గడ్డకట్టి తల్లికి ప్రమాదం. ఏ వాల్వు అన్న ప్రశ్న అలాంటి పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాల్సినది. అత్తవారింటి పెద్దలు బయట ఉండాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

తర్వాతి వారాలు కాగితాలతో గడిచాయి. ఆపరేషన్ ఖర్చుకి ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ. పేరు మారినా మా ఊళ్లో అందరూ ఆ పేరే అంటారు. కార్డు, ఫొటోలు, ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర వరుస, అనుమతి వచ్చేదాకా ఎదురుచూపు. నలభై దాటింది కాబట్టి గుండె రక్తనాళాలకి యాంజియోగ్రాం. పళ్ల డాక్టరు దగ్గరికి కూడా పంపారు. పుచ్చుపన్నులోంచి రక్తంలోకి చేరే సూక్ష్మజీవులు కొత్త వాల్వు మీద గూడు కట్టుకుంటాయట. అక్కకి రెండు పళ్లు పీకేశారు. బావ వాళ్ల ఊరి కుర్రాళ్లు రక్తం ఇవ్వడానికి వ్యానేసుకుని వచ్చారు.

ఆపరేషన్ రోజు ఉదయం ఆరున్నర. ఆకుపచ్చ గౌను, నెత్తికి టోపీ. పుస్తెలతాడు తీసి బావ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని రుమాలులో చుట్టి చొక్కా జేబులో దాచుకుని, జేబు మీద చెయ్యి తీయకుండా నిలబడ్డాడు. స్ట్రెచర్ కదులుతుంటే అక్క నాతో, "పాపకి టిఫినెట్టించు," అంది. తలుపు మూసుకుంది.

ఆ తలుపు అవతల ఏం జరుగుతుందో సర్జను గారు ముందే చెప్పారు. గంటలు లెక్కపెట్టుకుంటూ నేను దాన్ని వెంబడిస్తున్నాను. ఎనిమిది: రొమ్ము ఎముకని నిలువునా రంపంతో విడదీస్తారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. గుండెకి చేరే రక్తాన్ని గొట్టాలతో యంత్రంలోకి మళ్లిస్తారు. అందులో ప్రాణవాయువు కలిసి తిరిగి ఒంట్లోకి వస్తుంది. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అలాంటి యంత్రం మీద ఓ అమ్మాయి గుండెలోని రంధ్రం మూశాడు. దానికి ముందు ఆగిన గుండె అంటే దాదాపు పోయిన మనిషే. తొమ్మిది: పొటాషియం కలిపిన చల్లటి ద్రవం పోస్తారు. మా అక్క గుండె ఆగిపోతుంది. మానిటర్ మీద గీత చదునవుతుంది, ఆ గదిలో ఎవరూ కంగారు పడరు. ఆమె అప్పుడు కాఫీ చల్లారబెట్టుకుంటున్న నాకు యాభై అడుగుల దూరంలో ఉంది.

రేకులు చెప్పులతోలులా బిగిసిపోయాయని, బాగుచేయడానికి వీల్లేదని తర్వాత తెలిసింది. ముందు రేకు కోసేసి, వెనక రేకునీ దాన్ని గుండె గోడకి పట్టి ఉంచే తీగల్నీ వదిలేశారు, గది ఆకారం చెడకుండా. చుట్టూ కుట్లు వేసి, వాటి దారాల మీదుగా కొత్త వాల్వుని దించి ముడులు వేశారు. గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకుండా తీశారు, మెదడుకి చేరితే పక్షవాతం రావచ్చు. తర్వాత వెచ్చటి రక్తం వదిలితే గుండె దానంతట అది మొదలైంది. పన్నెండున్నరకి ఓ నర్సమ్మ తలుపు తీసి అక్క పేరు పిలిచింది. బావ లేవలేకపోయాడు. నేనే వెళ్లాను.

ఐసీయూలోకి ఒక్కరినే పంపిస్తారు. కాళ్లకి తొడుగులు, మూతికి గుడ్డ. ఆమె ముఖం ఉబ్బి ఉంది, కళ్లు సగం మూత. నోట్లో వెంటిలేటర్ గొట్టం, మెడలో ఒకటి, పక్కటెముకల కింద రెండు. పొట్ట మీదుగా సన్నటి తీగలు, గుండె మందగిస్తే నడిపించడానికి. గొట్టాలు లాగేసుకోకుండా చేతులు మెత్తటి గుడ్డతో కట్టారు. "అక్కా" అన్నాను. వేళ్లు కదిలాయి. అరచేతిలో వేలితో ఏదో రాసింది. మళ్లీ రాసింది. "నీళ్లు." ఇవ్వకూడదు. తడి దూదితో పెదవులు తుడవనిచ్చారు.

మర్నాడు గొట్టం తీశారు. ఆ రాత్రి ఆమె నర్సుతో గొడవ పెట్టుకుంది. ఎవరో పక్కగదిలో మిషన్ తొక్కుతున్నారు, ఆపమనమని. మత్తు, యంత్రం, నిద్రలేమి కలిసి ఐసీయూలో మనసు ఒకటి రెండు రోజులు దారి తప్పడం మామూలే. కానీ ఆ మాట పూర్తిగా పిచ్చిమాట కాదు. చెవి దగ్గర పెట్టి వింటే నాకూ వినిపించింది. ఆమె ఛాతీలోంచే, సన్నగా, ఆగకుండా, టిక్కు టిక్కు.

మూడో రోజున గుండె లయ తప్పింది. మానిటర్ మీద 140, గీతలన్నీ అడ్డదిడ్డంగా. నాకు కాళ్లు చల్లబడ్డాయి. డ్యూటీ డాక్టరు మాత్రం నెమ్మదిగా సూది ఎక్కిస్తూ చెప్పాడు. వాల్వు ఆపరేషన్ అయినవాళ్లలో పదిమందికి ముగ్గురు నలుగురికి ఇలా అవుతుందట, చాలామందికి సర్దుకుంటుందట. సాయంత్రానికి సర్దుకుంది. ఈ సంగతి ముందే ఇంటివాళ్లకి చెబితే ఎంత బాగుండేది. లోపల కోత గురించి గంటసేపు చెప్పినవాళ్లు మూడో రోజు గురించి ఒక్క మాట చెప్పరు.

వార్డులో దిండే దిక్కు. దగ్గు వస్తే దిండుని ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గాలి. దగ్గకపోతే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. దగ్గితే ఎముక విడిపోతుందేమోనని భయం. ఎముకని స్టీలు తీగలతో బిగించారని, విడిపోదని ఫిజియో అమ్మాయి రోజూ చెబుతుంది. మూడు బంతుల గొట్టం ఇచ్చి ఊపిరి లోపలికి పీల్చి బంతులు లేపమంటుంది. మొదట ఒక్క బంతి వణికి పడిపోయింది. మూడోది లేచేసరికి చాలా రోజులు పట్టింది.

ఇంటికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. ఆసుపత్రి కాగితం మీద "విశ్రాంతి" అని ఉంటుంది. మా ఇళ్లలో దాని అర్థమేమిటో ఆ కాగితం రాసేవాళ్లకి తెలియదు. చేతులు ఆనించి లేవకూడదు, అలాంటప్పుడు నేల మీద కూర్చోవడం ఎలా? కింద కూర్చునే మరుగుదొడ్డి ఎలా? బావ ప్లాస్టిక్ కుర్చీకి రంధ్రం కోయించి తెచ్చాడు. రెండు మూడు కిలోలకి మించి ఎత్తకూడదు, నిండు చెంబు సరే గానీ బిందె ముట్టుకోకూడదు. జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తితే ఎముక లాగుతుంది. వెల్లకిలా పడుకోవాలి, పక్కకి తిరగడానికి లేదు. ఆటోలో గతుకు వస్తే దిండు పట్టుకోవాలి. రోజూ పొద్దున్నే బరువు చూసుకుని పుస్తకంలో రాయాలి, రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టు, ఫోన్ చేయాలి.

దేనికీ ఏడవని మనిషి ఏడవడం మొదలుపెట్టింది. అన్నం ఇనుములా ఉందని కంచం తోసేస్తుంది. పలకరించడానికి వచ్చినవాళ్లు "కొత్త గుండె పెట్టారటగా" అంటే లోపలికి వెళ్లిపోతుంది. రాత్రి టిక్కుటిక్కులు వింటూ మెలకువగా ఉంటుంది. "అది ఆగిపోతే నాకు తెలుస్తాది కదరా?" అని ఓ రాత్రి అడిగింది. గాయం మానుతోంది, ఎక్సరే బాగుంది, అంకెలు బాగున్నాయి. అయినా తన ఛాతీ మీద తనకే నమ్మకం పోయింది. పెద్ద గుండె ఆపరేషన్ తర్వాత మనసు కుంగడం చాలామందిలో ఉంటుంది. వారాల్లో తగ్గకపోతే దానికీ మందుంది, డాక్టరుకి చెప్పాలి. "ఇంత ఖర్చుపెట్టి బాగుచేస్తే ఏడుపేమిటి" అనడం మాత్రం పాపం. ఆ మాట మా ఇంట్లో ఒకసారి వినిపించింది. బావ ఎప్పుడూ గొంతెత్తనివాడు, ఆ రోజు ఎత్తాడు.

సాయంత్రం ఏడింటికి మాత్ర. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ అంకె పుస్తకంలో 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద గడ్డ, పెరిగితే ఎక్కడో రక్తస్రావం. మొదటి వారాల్లో అది 1.8, 4.1, 2.2 అని గంతులేసింది. ఓసారి ఒళ్లు వెచ్చబడితే వీధి చివర ఆర్ఎంపీ సూది తీసుకుని వచ్చేశాడు, ప్రేమతోనే. ఈ మాత్ర వేసుకునేవాళ్లకి కండకి సూది వేస్తే లోపల రక్తం కారి వాచిపోవచ్చు. నొప్పి మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి. పైగా జ్వరం వస్తే వాల్వుకి ఇన్ఫెక్షన్ ఏమోనని ముందు కల్చర్‌కి రక్తం తీయాలి, ఆ తర్వాతే యాంటీబయాటిక్. ఆయన్ని కూర్చోబెట్టి పుస్తకం చూపించాం. తర్వాత ఆయనే ఊళ్లో ఇంకో వాల్వు రోగి ఇంటికి వెళ్లి ఈ సంగతి చెప్పి వచ్చాడు.

అక్క తేరుకున్నది మాత్రం మాటలతో కాదు. జాకెట్టుతో. మా వైపు జాకెట్టు హుక్కులు ముందే ఉంటాయి, సరిగ్గా కోత మీద. ప్రతి హుక్కూ ఎర్రటి గీతని గీరుతుంది. వెనక హుక్కులైతే చేతులు వెనక్కి పోవాలి, ఎముక ఒప్పుకోదు. నైటీ వేసుకుంటే రొమ్ము బరువు కిందికి లాగి కుట్టు సలుపుతుంది. మగ డాక్టర్లెవరూ దీని గురించి చెప్పలేదు, ఆమె అడగలేదు. ఓ పొద్దున్న చూస్తే మంచం మీద కూర్చుని పాత లంగా గుడ్డ మీద సుద్దతో గీస్తోంది. పాప కత్తిరిస్తోంది. మెత్తటి నూలు, ముందు భాగం అతుకు లేకుండా ఒకే ముక్క, కింద వెడల్పాటి పట్టీ. ఎడమ భుజం మీదా ఎడమ పక్కనా తెరుచుకుంటుంది, హుక్కుల బదులు వెల్క్రో. చేతులెత్తకుండా తొడుక్కోవచ్చు. పాప మిషన్ తొక్కుతుంటే ఈమె పక్కన కూర్చుని, "లాగకే, గుడ్డని దానంతట పోనీ," అంటోంది. ఆ మధ్యాహ్నం అడక్కుండానే అన్నం తిన్నది.

మూడో నెల ఎకోలో ఈఎఫ్ 52 అని వచ్చింది. తగ్గిందేమిటని బావ బెదిరిపోయాడు. వెనకదారి మూసేశాక కండరం ఇప్పుడు అసలు బరువు మోస్తోందని, గది అడ్డకొలత తగ్గిందని, ఇంకొంత కాలానికి పుంజుకుంటుందని డాక్టరు గారు చెప్పారు. ఇంకా ఆగి ఉంటే 52 కాదు, 40 చూసేవాళ్లమన్నారు. ఈసారి మెట్లెక్కమని ఆయన అనలేదు. అక్క లిఫ్టు దాటి మెట్ల వైపే నడిచింది. మొదటి అంతస్తులో ఓసారి ఆగింది, ఆగానని తనే చెప్పింది.

వార్డు సిస్టరు ఆమె జాకెట్టు చూసి పక్కకి పిలిచింది. తిప్పి చూసి, భుజం దగ్గర తెరిచి చూసి, ఇంకో నాలుగు కుట్టిస్తారా అంది. శ్రావణం ఆర్డర్లు వస్తున్నాయి, మిషన్ ఇంకా అరుగు మీదే ఉంది, పూటకి గంటకి మించి తొక్కొద్దని నియమం. అయినా ఒప్పుకుంది.

ఇప్పుడు అరుగు మీద కూర్చుని ఫోన్ మాట్లాడుతోంది. అవతల పలాస వైపు ఎవరో ఆమె, వచ్చే నెల ఆపరేషన్. నాకు ఇటువైపు మాటలే వినిపిస్తున్నాయి.

"ఏ వారమన్నారమ్మా? ... ఆ, అయితే కొలతలు ముందే పంపాల. ఆపరేషనయ్యాక టేపు పట్టుకోడానికి చేతులెత్తలేవు, ఒళ్లు కూడా ఉబ్బుతాది. ... పళ్లు చూపించుకున్నావా? ... మీ ఇంటికి మేడ ఉందా? ... ఎక్కి ఎన్నాళ్లయింది?"